కోదాడలో కృప మీద ప్రసంగం

పెళ్లిచూపులకు వెళ్లి, కాబోయే అత్తగారిని నిండు సంఘంలో, అదీ మైకులో, ఎత్తిపొడిచి వచ్చిన మొనగాడు మీ ఎరుకలో ఎవరైనా ఉన్నారా? లేకపోతే నన్ను చూసుకోండి.

తొంభైల మొదట్లో సంగతి. సూర్యాపేటలో కొత్తగా పంతులు ఉద్యోగంలో చేరాను. మిర్యాలగూడలో ఉండే మా దావీదు మామ నాకొక సంబంధం తెచ్చాడు. అమ్మాయి పేరు సునీత, ఊరు కోదాడ. తండ్రి యేసురత్నంగారు అక్కడి చర్చిలో సంఘ పెద్ద. కొత్త సంవత్సరం రోజు పొద్దున ఆరాధనకు వెళ్లి, ఆ తర్వాత వాళ్లింట్లో భోజనం చేసి, అమ్మాయిని చూడాలన్నది ఏర్పాటు.

"ఇంకో ముచ్చట అల్లుడా," అన్నాడు మామ బస్సులో, కోదాడ దగ్గర పడ్డాక. "నువ్వు వాక్యం మంచిగ చెప్తవని పాస్టరుగారికి చెప్పిన. ఇయ్యాల నిన్నే మాట్లాడమన్నడు."

"నేనెన్నడు చెప్పిన మామా?"

"బడిల పిల్లలకు పాఠం చెప్తలేవా? గట్లనే. కొత్తయేడు గదా, దేవుని కృప గురించి జర చెప్పు. పిల్ల తల్లి ముందు వరసల్నే కూసుంటది. ఆమె ఊ అంటెనే సంబంధం."

ఇక నా పరిస్థితి ఊహించుకోండి. పాస్టరుగారు పిలవగానే వెళ్లి మైకు ముందు నిలబడ్డాను.

"ప్రియులారా, పోయిన యేడంతా మనల్ని కాచింది కృపే. కృప మనం పిలిస్తే వచ్చేది కాదు. పిలవకముందే మన ఇంటికొస్తుంది."

ఆడవాళ్ల వైపు కొంగులు నోటికి అడ్డం వెళ్లాయి. నేను కుర్చీలోంచి కిందపడితే తప్ప నా క్లాసులో ఎవరూ నవ్వరు. అలాంటివాడికి ఆ నవ్వు ఎంత తలకెక్కుతుందో చెప్పండి.

"తలుపులు మూసుకున్నా కృప ఆగదు. మనం వద్దన్నా మనల్ని విడిచిపెట్టదు."

"నిజమే బాబూ," అన్నాడు ఒక ముసలాయన, నిట్టూరుస్తూ.

"పోయిన యేడు ఎవరింటికి కృప రాలేదో చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. "మా ఇంటికి నిన్ననే వచ్చింది," అంది వెనకనుంచి ఒకామె.

నేను రెండు చేతులూ బారచాపి, "ఆ కృప ఎంత విశాలమైనదో కళ్లారా చూడండి," అన్నాను.

అందరూ ముందు వరసలోకి చూశారు. అక్కడ చాపను దాదాపు నింపేసి కూర్చున్న ఒక పెద్దావిడ కళ్లద్దాల్లోంచి నన్నే చూస్తోంది. మామ చెయ్యి కిందికీ పైకీ ఊపుతున్నాడు. గొంతు పెంచమంటున్నాడేమోనని పెంచాను.

"ఇంత కృపను మోయడం మనిషి వల్ల అయ్యే పనేనా?"

ఆరాధన అయ్యాక మామ నన్ను గోడ చాటుకు లాక్కెళ్లాడు. "ఏందిరా, గట్ల చెప్తివి?"

"మంచిగ లేదా మామా? అందరు నవ్విన్రు గదా."

"పిల్ల తల్లి పేరు కృపమ్మ. ఈడ అందరు కృపనే అంటరు."

"గా మాట ముందుగాల చెప్పొద్దా?"

"నాకు వదినె వరసైతది. వదినే అని పిలుస్త. పేరు యాదికుంటదా?"

హుజూర్‌నగర్ బస్సయినా, ఏ బస్సయినా సరే, ఎక్కి పారిపోదామని గేటు వైపు నడిచాను. గేటు దగ్గర కృపమ్మగారే నిలబడి ఉన్నారు.

"కూర చల్లారిపోద్ది బాబూ, పద."

వాళ్లింట్లో నా పళ్లెంలో అన్నం మీద మాంసం కూర గుట్టలా పోశారు. "అమ్మా, నేను చెప్పింది దేవుని కృప గురించి..." అని నసిగాను.

"తెలుసులే. ముందు తిను."

యేసురత్నంగారు నవ్వాపుకుంటూ, "ఎవరింట్లో జ్వరమని విన్నా ఈవిడ గిన్నె పట్టుకుని బయల్దేరుద్ది. పిలవాల్సిన పనిలేదు. అందుకే వాళ్లంతా అట్లా నవ్వారు," అన్నారు.

"పిలిచిందాకా కూర్చుంటే జ్వరమొచ్చినోళ్లు పస్తుంటారా?" అంటూ ఆవిడ నాకు ఇంకో గరిటె వేశారు.

కృప అంటే అర్హత లేనివాడికి దొరికేదని మైకులో చెప్పడం మర్చిపోయాను. ఆ పళ్లెం ముందు కూర్చున్నాక అది నాకే బోధపడింది. తలవంచుకుని తిన్నాను.

వేసవిలో పెళ్లయింది. నన్నెందుకు ఒప్పుకున్నావని ఒకరోజు సునీతను అడిగాను.

"మా అమ్మ ఎదురుగా అంతసేపు ఆగకుండా మాట్లాడిన మగాణ్ణి నేనెప్పుడూ చూడలేదండి. మా నాన్న కూడా చూడలేదంట," అంది.

ఇక నా ప్రమాణం వినండి. సంఘంలో ఉన్న ఆడవాళ్ల పేర్లు కనుక్కోకుండా ఈ జన్మలో మైకు పట్టను. ఒకసారి వేములపల్లిలో శాంతి గురించి చెప్పమన్నారు. విచారిస్తే ఇద్దరు శాంతమ్మలు తేలారు. ప్రేమ అందామంటే పాస్టరుగారి భార్యే ప్రేమలత. చివరికి ఎంత కోపమొచ్చినా ఓర్చుకునే దీర్ఘశాంతం గురించి చెప్పి దిగాను. ఆ పేరు ఇంతవరకూ ఎవరూ తమ పిల్లకు పెట్టలేదు.