మేకులు పీకించిన బూట్లు

సునందక్క మెట్‌పల్లి దగ్గర ఒక ఊళ్ళో పద్దెనిమిదేళ్ళు బీడీలు చుట్టింది. చాట ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు ముడుచుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే కూర్చోవడం. లేచి నిలబడితే కాళ్ళు తనవి కానట్టే ఉండేవట. భర్త చనిపోయాక ఖతర్ వచ్చి క్లీనింగ్ కంపెనీలో చేరింది.

నజ్మా అనే పేటలో మా గదిలో అదే కంపెనీ వాళ్ళం ఆరుగురం ఉంటాం. పదో తరగతి దాకా చదివింది నేనొక్కదాన్నే, అదీ పరీక్ష రాయకుండానే మానేశాను. అయినా ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా నా చేతికే ఇస్తారు.

అల్ మన్సూరా పేటలో ఒక డ్యాన్సు స్కూల్లో అక్క డ్యూటీ. అక్కడ ఫ్లమెంకో నేర్పుతారు. స్పెయిన్ వాళ్ళ నాట్యం, చెక్క నేలను బూట్లతో గట్టిగా కొడుతూ ఆడతారు. మూసిన తలుపు ఇవతల మాపు పట్టుకుని అక్క మూడేళ్ళు ఆ చప్పుడు వింది. నేల మీద గీత పడితే స్కూలు మేనేజరు సుధాకరరావు గారు ఆమెనే తిట్టేవారు.

"గా సప్పుడు ఇంటుంటె కాళ్ళల్ల రగతం ఉరుకుతది పిల్లా. ఒక్కపారి నేను గూడ కొట్టాలె," అంది నాతో.

గదిలో అందరూ నవ్వారు. "నలభై రెండేండ్లకు డాన్సా? మోకాళ్ళకు బామ్ ఎవలు రాయాలె?" అంది పోచవ్వ.

"నువ్వే రాయాలె. రోజు నా చాయ ఊకెనే తాగుతున్నవా?"

అక్క టీచరునే అడిగింది. కొత్తవాళ్ళకు మొదటి క్లాసు ఉచితం, ఎవరైనా రావచ్చు అని ఆమె ఒక కాగితం ఇచ్చింది. ఏమేం కావాలో అందులో ఉంది. గదిలో అందరి ముందూ చదివాను. కింద బాగా వెడల్పు ఉన్న పొడుగు లంగా. బిగించి కట్టిన జుట్టు. నీళ్ళ సీసా. మడమ ఎత్తుగా, లావుగా ఉన్న బూట్లు. డ్యాన్సు ముందే నేర్చుకుని ఉండక్కర్లేదు. బూట్ల కింద ఇంకో రెండు వరుసలు చిన్న అక్షరాల్లో ఉన్నాయి. నాకు అర్థం కాలేదు. అందరూ నా నోటి వంకే చూస్తున్నారు.

"అంతే అక్కా," అన్నాను.

పాత నల్ల లంగాకు అక్క తనే కుచ్చులు కుట్టుకుంది. ఒక విద్యార్థిని పారేయబోతున్న బూట్లు అడిగి తెచ్చుకుంది. వాటి అడుగున, ముందు భాగంలోనూ మడమకూ చిన్న చిన్న మేకులు దగ్గరదగ్గరగా కొట్టి ఉన్నాయి. మా ఊళ్ళో చెప్పు విడిపోతే అలాగే మేకులు కొడతారు. ఇవీ ఎవరో బాగు చేయించినవే అనుకుంది. నజ్మాలో చెప్పులు కుట్టే రయీస్ దగ్గరికి ఇద్దరం వెళ్ళాం.

"అన్ని పీకాల్నా? మంచిగ గట్టిగున్నయి గదమ్మా."

"పీకు భాయ్. నేల కరాబైతది. మంచి రబ్బరు అతికియ్యి."

శుక్రవారం సెలవు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఎనిమిది మంది ఆడవాళ్ళు వరుసగా నిలుచున్నారు. టీచరు చప్పట్లు కొట్టగానే అందరూ అడుగులు వేశారు. గది మోగింది. అక్క కాళ్ళ కింద మాత్రం చప్పుడే లేదు. ఇంకా గట్టిగా కొట్టింది. పళ్ళు బిగించి కొట్టింది. పక్కామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

టీచరు వచ్చి ఆమె బూటు అడుగు చూసింది. తన బూటు తిప్పి మేకులు చూపించింది. చప్పుడంతా వాటిదేనట. ఆమె కోప్పడలేదు.

"మేకులుండాలని కాగితంలో రాశారు కదా," అన్నారు అప్పుడే గదిలోకి వచ్చిన సుధాకరరావు గారు. "ఎవరితోనూ చదివించుకోలేదా?"

"సదివిచ్చుకున్న సార్. నేనే మరిసిన."

అక్క నా వైపు చూడలేదు.

"సరే, పక్కకు రా. వాళ్ళ క్లాసు పాడవుతోంది. ఎలాగూ వచ్చావు కదా, అయ్యాక నేల తుడిచి వెళ్ళు."

తుడిచింది. ఆ కుచ్చుల లంగా మోకాళ్ళ దాకా ఎగదోపుకుని తుడిచింది.

బస్సులో, "అక్కా, ఆ కాగితంల..." అన్నాను.

"ఊకో పిల్లా. నాకు ఎరికే."

తర్వాతి వారమే కంపెనీ ఆమెను ఉమ్ సలాల్‌లో ఒక విల్లాకు మార్చింది, ఉండటం కూడా అక్కడే. పనిమనిషి తమ వరుసలో నిలబడిందని క్లాసులో ఎవరో అన్నారట. ఇప్పుడు ఆ స్కూలు డ్యూటీ నాది. కొత్త బ్యాచ్ వచ్చే నెల మొదలవుతుందని, సునందను రమ్మనమని టీచరు నాతో చెప్పింది. ఫోన్ చేసి చెప్పాను.

"శుక్రవారమేనా?" అంది అక్క. "ఈ ఇంటోళ్ళ సుట్టాలొచ్చేదే శుక్రవారం. గా దినం సెలవియ్యరు."

ఆమె వెనకాల ఎవరో పిలిచారు. ఫోన్ పెట్టేసింది.