టీచరమ్మ ఎడమ కాలు

ఆ వీధిలో సగం మందికి కారు నడపడం నేర్పింది టీచరమ్మే. అయితే ఆవిడ శిష్యుల్లో లైసెన్సు పరీక్ష మొదటిసారే గట్టెక్కినవాళ్లు అరుదు. ఆవిడ పక్కనున్నంతసేపూ నల్లేరు మీద బండిలా నడిపినవాళ్లు, పరీక్ష కారెక్కగానే క్లచ్ వదలడం రాక ఇంజను ఆపేసేవారు. "నా దగ్గర బాగానే నడిపారు. అక్కడికెళ్లాక బుర్ర ఎక్కడ పారేసుకుంటారో" అనేది ఆవిడ. ఆ బుర్రలేనివాళ్లలో సొంత కూతురూ చేరింది. ఇప్పటికి రెండుసార్లు తప్పింది. కొత్త ఉద్యోగానికి లైసెన్సు తప్పనిసరి. ఈసారీ తప్పితే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

ఇది చాలదన్నట్టు కారు మూలగడం మొదలుపెట్టింది. క్లచ్ తొక్కితే చాలు, గుయ్‌మని రొద. శిష్యుల్ని ఆడిపోసుకుంటూ టీచరమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని కారుని మెకానిక్ తమ్ముడి దగ్గరికి తీసుకెళ్లింది.

"పోయిన ఏడాదేగా అక్కా క్లచ్ బేరింగు మార్చాను? పెడల్ మీద కాలు పడితేనే అది అరుస్తుంది. ఎవరంతగా తొక్కుతున్నారో చూద్దాం పద."

మేనకోడలిని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, అక్కని పక్కన ఎక్కమని, తను వెనకసీట్లో సర్దుకున్నాడు. బండి కదిలింది. రొద కూడా మొదలైంది.

"అమ్మాయ్, క్లచ్ మీంచి కాలు తియ్యి."

"ఎప్పుడో తీశాను మావయ్యా."

రొద ఆగలేదు. తమ్ముడు ముందుకి వంగి చూశాడు. నేర్పేవాళ్ల కోసం పక్కసీటు ముందు కూడా ఒక క్లచ్ ఉంది. దాని మీద టీచరమ్మ ఎడమ కాలు హాయిగా విశ్రాంతి తీసుకుంటోంది.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మెకానిక్ పట్టాడు" అన్నాడు తమ్ముడు.

ఆవిడ కాలు తీసింది. రొద ఆగింది. సిగ్గుతో పాటు మరో సంగతీ తట్టి ఆవిడకి గుండె కలుక్కుమంది. ఇన్నేళ్లూ పిల్లలు తడబడ్డప్పుడల్లా సర్దింది ఈ కాలే. వాళ్ల కాలికి పని రానిచ్చిందెప్పుడు?

"ఒకడు గోడకి గుద్దాడురా, మొదట్లో. అప్పట్నుంచీ భయం."

"ఆ గోడ కూడా మర్చిపోయుంటుందక్కా."

ఇంతలో ఎత్తు రోడ్డు వచ్చింది. ముందున్న లారీ ఆగితే కూతురూ ఆపింది. లారీ కదలగానే టీచరమ్మ కాలు దానంతటదే క్లచ్ మీదికి పోబోయింది. ఆవిడ గబుక్కున రెండు కాళ్లూ సీటు మీదికి లాక్కుని బాసింపట్టు వేసుకుంది. ఇంజను ఆగిపోయింది. మళ్లీ ఆగింది. వెనక హారన్లు. మూడోసారి కారు చిన్నగా వణికి పైకెక్కింది.

"ఇంక కాళ్లు దించమ్మా, తిమ్మిరెక్కుతాయి."

"దించితే ఊరుకోవే ఇవి. నువ్వు పోనీ" అంది టీచరమ్మ.