మేడమ్ గారి కాఫీ కప్పు

అమెరికాలో సీటొస్తుందా అని అడగడానికి మేమంతా క్యాంపస్ నుంచి నడిచి తార్నాకలో మా కెమిస్ట్రీ మేడమ్ ఇంటికి వెళ్లేవాళ్లం. ఆవిడ మార్కులు చూసేవారు కాదు. కాఫీ కప్పు అందుకుని, "అక్కడ ఏం చదువుతావో చెప్పమ్మా" అనేవారు. మన మాటలు వింటూ కప్పు ఖాళీ చేశారంటే ఇంకా వేళ కాలేదన్నమాట.

మొదటిసారి నేను యూనివర్సిటీల పేర్లు అప్పజెప్పాను. ఆవిడ ఆఖరి చుక్కదాకా తాగి, "మళ్లీ రామ్మా" అన్నారు.

రెండోసారి, "మా ఊరి బాయినీళ్లు తాగి పిల్లల పండ్లు గారపడ్తున్నయి మేడమ్. ఆ నీళ్లల్ల ఉన్నదాన్ని ఎట్ల తియ్యాల్నో నేర్చుకుంట" అన్నాను. ఆవిడ ప్రశ్న మీద ప్రశ్న వేశారు. కప్పులో మీగడ కట్టింది.

"అయ్యో, చల్లారిపోయిందే!" అని నవ్వి, "ఇక అప్లికేషన్ పెట్టమ్మా" అన్నారు.

సీటొచ్చినట్టు ఎయిర్‌మెయిల్ ఉత్తరం ఎండాకాలంలో అందింది. నాకు మాత్రం సీటు ఆ మీగడ కట్టిన సాయంత్రమే వచ్చింది.