నా అరుదైన రక్తం

నాది ఓ నెగెటివ్ అని ఇరవై ఏళ్లుగా గొప్పగా చెప్పుకుంటున్నాను. కాలేజీ గుర్తింపు కార్డులో అలాగే రాసి ఉండేది. మళ్లీ పరీక్ష చేయించుకోలేదు.

ఈ ఉదయం విజయనగరం నుంచి స్నేహితుడు ఫోన్ చేశాడు. భోగాపురం వైపు నుంచి వచ్చిన ఒక మత్స్యకారుల ఇంటి కోడలికి కాన్పు ఆపరేషన్, ఓ నెగెటివ్ రక్తం కావాలన్నాడు. బడికి సెలవు పెట్టి పరుగెత్తాను.

బ్లడ్ బ్యాంకు బల్ల మీద ఆ అమ్మాయి అత్తగారు దిగులుగా కూర్చుని ఉంది. ధైర్యం చెప్పడం మానేసి పాఠం మొదలుపెట్టాను. "యూరప్ వాళ్లలో నెగెటివ్ ఎక్కువమ్మా. మన దేశంలో చాలా తక్కువ. ఇక్కడ ఎవరిని చూసినా ఓ పాజిటివ్, బి పాజిటివ్‌లే." ఆమె నాకు దండం పెట్టింది. నేను దేవుడిలా చిరునవ్వు నవ్వాను.

కాసేపటికి నా రక్తం పరీక్షించిన టెక్నీషియన్ వచ్చింది. "మాస్టారూ, మీది ఓ పాజిటివ్."

తల ఎత్తలేకపోయాను. అదృష్టవశాత్తు బ్లడ్ బ్యాంకు వాళ్లు పిలిచిన మరో దాత, నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికుడు, అప్పుడే వచ్చాడు. ఉపన్యాసం ఏమీ ఇవ్వకుండా రక్తం ఇచ్చాడు.

నేను క్షమించమని అడగబోతే అత్తగారే అంది: "ఏటయినాది బాబూ? నీలాటోలే ఎక్కువని నువ్వే సెప్పినావు గదా. మరైతే నీ రత్తం కావలసినోలూ ఎక్కువే ఉంటారు. ఇచ్చీసి ఎల్లు."

ఇచ్చేసి వచ్చాను. సాయంత్రం ఫోన్ వచ్చింది, ఆడపిల్లట, తల్లీబిడ్డా క్షేమం.

నాది అరుదైన రక్తమని మా ఆవిడ పెళ్లయిన నాటి నుంచి నాకు రోజూ ఒక గుడ్డు ఎక్కువ పెడుతోంది. ఈ సంగతి చెప్పమంటారా, వద్దంటారా?