పిన్నీసులు తీసిన తెల్లచీర

ఆ సంగతి మొదట నా చెవిన వేసింది మాకు పాలు పోసే ఆమె. రోజూ వీధిలోనుంచే కేకేసే మనిషి, ఆ పొద్దు గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించింది.

"అక్కా, మీ వదిన లేచిందా?"

"పెరట్లో ఉండాది. ఏంది?"

"అయితే నువ్వే ఇట్టా రా. నిన్న సముద్రం కాడ జరిగింది ఎవురో వీడియో తీసినారంట. మా పిలకాయలు చూస్తా నవ్వుతా ఉంటే ఫోను పెరికి అవతల పెట్టేసినా. అయినా ఎన్ని ఫోనులు పెరుకుతాం? ఊరంతా చూస్తా ఉండారు."

పాలు పోసి, పెరటి వైపు చూడకుండా వెళ్ళిపోయింది. నేను గిన్నె పట్టుకుని అక్కడే నిలబడ్డాను. పెరట్లో వదిన తెల్లచీరకు గంజి పెడుతోంది. ఏదో కీర్తన కూనిరాగం తీస్తోంది.

వదిన మా ఆయనకు అక్క. ఆమె అత్తగారింట్లో మన ప్రార్థనలంటే గిట్టదు. బాప్తిస్మం తీసుకుంటానని అడిగినప్పుడల్లా గొడవ. భర్త పోయాక మా ఇంటికి వచ్చేసింది. అల్లూరు దగ్గర రొయ్యలు వలిచే షెడ్డులో పనికి కుదిరింది. ఈ ఏడు మా సంఘం పాస్టరు అయ్యగారి దగ్గరికి తనే నడిచి వెళ్ళి బాప్తిస్మానికి పేరు ఇచ్చి వచ్చింది. తెల్ల నూలుచీర తనే కొనుక్కుంది. ఇన్నేళ్ళు కోరుకున్నది నెరవేరుతుంటే మనిషి ముఖం ఎలా ఉంటుందో నేను ఆ రోజుల్లో చూశాను.

మా సంఘంలో బాప్తిస్మాలు ఎప్పుడూ పంటకాలువలోనే. నడుము లోతు, నెమ్మదైన నీళ్ళు. ఈసారి కాలువలో నీళ్ళు లేవు. అందుకని అయ్యగారు సముద్రానికి పోదామన్నారు. అందరం ఆటోల్లో ఎక్కి, పాటలు పాడుకుంటూ వెళ్ళాం.

నీళ్ళలోకి దిగేవాళ్ళు నగలు తీసి దిగాలన్నది మా పద్ధతి. అయ్యగారు చెప్పేది నగల గురించే. మా ఆడవాళ్ళలో మాత్రం, ఎవరు మొదలుపెట్టారో తెలియదుగాని, ఒంటిమీద ఇనుపముక్క కూడా ఉండకూడదన్న మాట పాతుకుపోయింది. పిన్నీసులు కూడా తీసేస్తారు. కాలువలో ఎవరికీ ఏమీ కాలేదు గనుక దాని గురించి ఎవరూ ఆలోచించలేదు. వదిన ఇసుకలో నిలబడి, భుజం మీదిదీ కుచ్చిళ్ళ దగ్గరిదీ తనే తీసి నా అరచేతిలో పెట్టింది. "భద్రం మే, కొత్తవి" అని నవ్వింది. నేను వాటిని నా గాజుకు తగిలించుకున్నాను.

ఆ పొద్దు శ్రీహరికోటలో రాకెట్ లేచే వేళ. మా తీరం నుంచి చూస్తే ఆకాశంలో దూరంగా ఒక గీత కనిపిస్తుంది. దాన్ని తీయడానికి ఫోనులో వార్తలు వేసే ఛానల్ మనిషి ఒకతను కెమెరా స్టాండు పెట్టుకుని కూర్చున్నాడు. మబ్బు పట్టి ఉండటంతో రాకెట్ ఎప్పుడు వెళ్ళిందో ఎవరికీ కనబడలేదు. అతని కెమెరా మా వైపు తిరగడం నేను చూశాను. మన సాక్ష్యం నలుగురికీ తెలుస్తుందని సంతోషించాను కూడా.

అయ్యగారు వదినను ముంచి లేపుతున్నప్పుడే పెద్ద అల వచ్చింది. వదిన లేచింది గాని, చీర ఆమెతో లేవలేదు. అయ్యగారు ఆమెను పట్టుకోవాలో ముఖం తిప్పుకోవాలో తెలియక, కళ్ళు మూసుకుని చెయ్యి పట్టుకున్నారు. మేం ఒడ్డున దుప్పటి పట్టుకుని ఉన్నాం. కాలువ గట్టు మీదైతే చెయ్యి చాపితే అందేది. ఇక్కడ మధ్యలో అలలు.

మా పక్కనే ఒకామె పట్ట పరిచి చేపలు ఎండబెట్టుకుంటోంది, వానకు కప్పుకునే నీలం పట్ట. ఆమె దాని రెండు చెంగులూ పట్టి ఒక్క గుంజు గుంజింది. చేపలన్నీ ఇసుకలో పడ్డాయి. ఆ పట్టతో నీళ్ళలోకి పరిగెత్తి, వదినను మెడ దాకా చుట్టేసి, భుజం పట్టుకుని ఒడ్డుకు నడిపించుకొచ్చింది. కొట్టుకొచ్చిన చీరను మావాళ్ళు ఏరుకొచ్చారు.

ఆ సాయంత్రం వదిన నవ్వుతూనే ఉంది. "రెండుసార్లు రుద్దుకున్నా, ఇంకా ఎండుచేప వాసనే. దేవుడు నన్ను ఈ వాసనతోనే గుర్తుపట్టాల" అంది. వచ్చే ఆదివారం ప్రభువు బల్ల. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ళు అదే తెల్లచీరతో ముందు వరుసలో కూర్చుని, అందరికంటే ముందు లేచి రొట్టె అందుకుంటారు. పొద్దున గంజి పెడుతున్నది అందుకే.

నేను చెప్పకముందే ఆమెకు తెలిసిపోయింది. షెడ్డులో ఆమె పక్కన కూర్చుని వలిచే పిల్ల ఫోను చేసి, "అక్కా, అది నువ్వేనా?" అని అడిగింది. ఆ రోజు షెడ్డు ఆటో వచ్చి హారన్ కొట్టీ కొట్టీ వెళ్ళిపోయింది. మరునాడు కొట్టలేదు.

ఆ ఫోను వచ్చిన రోజే మధ్యాహ్నానికి ఇంకో ఛానల్ ఆ వీడియోను తీసుకుని, డప్పు చప్పుడు కలిపి, 'అల వచ్చింది.. ఏం జరిగిందో మీరే చూడండి' అని రాసి వేసింది. చీర పోయిన చోట మసక చేశారు గాని ముఖానికి చేయలేదు. పట్ట పట్టుకుని ఆమె పరిగెత్తుకొచ్చే ముందే ఆపేశారు. కింద జనం రాసిన మాటలు మా ఆయన చదువుతూ చదువుతూ సగంలో మానేశాడు. మతాన్ని తిట్టినవాళ్ళు కొందరు, ఆడమనిషిని తిట్టినవాళ్ళు ఎక్కువమంది.

ఆ మరుసటి రోజు ఒకతను మైకుతో మా వాకిట్లోకి వచ్చాడు.

"అమ్మా, ఆమె ఉందా? ఒక్క మాట చెప్పిస్తే చాలు."

"ఏం చెప్పాల నాయనా?"

"ఆ టైములో మనసుకి ఎట్టా అనిపించిందో చెప్పమనండి. జాలిగానే వేస్తాం."

"వేసింది తీసేయరాదా?"

"మాకంటే ముందే వేరేవాళ్ళు వేసినారు గదమ్మా. మేమైతే మసక చేసే వేసినాం."

మేలు చేసినట్టే చెప్పాడు. తాగడానికి నీళ్ళు అడిగితే ఇచ్చాను. తలుపు వెనక వదిన ఊపిరి బిగబట్టి కూర్చున్న సంగతి నాకు తెలుసు.

వీళ్ళందరికంటే మా సంఘంలోని ఒక అవ్వ అన్న మాట లోతుగా గుచ్చుకుంది. పరామర్శకని వచ్చి అరుగు మీద కూర్చుని, "దేవుడు ఒప్పుకోలేదేమో మే, లేకుంటే ఎందుకట్టా జరుగుతాది?" అంది. చెడ్డ మనిషి కాదు. తోచింది అనేసే మనిషి. లోపల వదిన విన్నది. ఆ సాయంత్రం గంజి పెట్టిన చీరను మడిచి బట్టల అడుగున పెట్టేసింది.

"ఆదివారం నేను రాను మే."

"బల్ల కోసమే గదా వదినా ఇన్నేళ్ళు ఆగినావు?"

"అందరి ముందర లేచి నడవాల. వాళ్ళ కళ్ళకి నేను చీర కట్టుకోనుండానో లేదో ఎట్టా తెలుస్తాది? వాళ్ళు చూసింది అదే గదా."



నేను చిన్నప్పుడు బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించి, బైబిలు వాక్యం చదవడం నేర్పాడు. పడుకునే ముందు ఆ రోజుకు కృతజ్ఞత చెప్పుకోవడం కూడా ఆయన నేర్పిందే. జ్వరంతో పడున్న రోజు కూడా ఏదో ఒకటి దొరికేది, గంజినీళ్ళు రుచిగా ఉన్నాయనో, గాలి వచ్చిందనో. ఆ వారం మోకరిస్తే ఏమీ దొరకలేదు. ఆదివారం వచ్చింది, వదిన లేవలేదు. వదిన లేకుండానే వెళ్ళి రొట్టె అందుకున్నాను. ఆ రోజే అయ్యగారు, పిన్నీసులు నగలు కావనీ, ఇకమీదట ఎవరూ తీయవద్దనీ సంఘానికి చెప్పారు. కొందరు నవ్వారు.

ఇంటికి వచ్చేసరికి పెరటి గోడ మీద నీలం పట్ట కనబడింది. కడిగి ఆరేసింది అలాగే ఉంది. ఇచ్చిన మనిషికి తిరిగి ఇవ్వాలన్న ధ్యాసే మాకు రాలేదు. మరునాడే మడిచి పట్టుకుని ఒడ్డుకు వెళ్ళాను.

ఆమె గోనెసంచుల మీద చేపలు పరుస్తోంది. నన్ను చూడగానే, "వచ్చినావా తల్లీ! మా పట్ట కూడా మీ దేవుడికి ఇచ్చేసినారనుకున్నా" అంది.

"ఏమనుకోబాకక్కా. నీ చేపలన్నీ పాడైపోయినాయి."

"పాడైతే నాకు గదా, కాకులకి పండగే. ఆ యమ్మ ఎట్టా ఉండాది?"

"బయటికి రావడంలేదక్కా."

ఆమె చేపను తిరగేస్తూ ఆగింది. "ఎందుకు రాదు? వల లాగేటప్పుడు మా చీరలు ఎన్నిసార్లు పోలేదు! పక్కనుండే మనిషి కప్పుతాది, మళ్ళా వల పట్టుకుంటాం. చూస్తా నిలబడే తీరిక ఎవురికుండాది?" అని, ఇంకో చేప తిరగేసి, "ఆ కెమెరా ఆయన మళ్ళా వచ్చినాడులే. పట్ట పట్టుకొని ఇంకోసారి పరిగెత్తక్కా, వీడియో తీసుకుంటానన్నాడు" అంది.

"పరిగెత్తినావా?"

"నువ్వు ముందు నీళ్ళలో చీర కట్టుకొని దిగురా, అప్పుడు పరిగెత్తుతానన్నా. పోయినాడు."

నేను నవ్వాను. ఆ వారంలో మొదటిసారి. ఆమె చేపలు దులిపి కాసిని నా చెంగులో పోసింది. "ఆ యమ్మకి పులుసు పెట్టు. వాసన అలవాటయ్యే ఉంటాది" అంది.

పులుసు పెట్టి, వదినకు అన్నీ చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కంచం పక్కకు జరిపి, "చేపలు పోసేసిందా? నేను చూళ్ళేదే" అంది. అల కొట్టినప్పుడు ఆమె కళ్ళల్లో ఉప్పునీళ్ళు, చెవుల్లో హోరు. ఏదో చుట్టారని తప్ప, ఎవరు చుట్టారో తెలియదు. వీడియోలో కూడా అది లేదు.

తరువాతి నెల బల్ల రోజు, నేను తల దువ్వుకుంటుంటే వెనక నిలబడింది. బట్టల అడుగునుంచి తీసిన చీర చేతిలో ఉంది.

"నా పిన్నీసులు యాడ పెట్టినావు?"

గాజుకే ఉన్నాయి. నేనే పెట్టాను. భుజానికి, కుచ్చిళ్ళకు. "ఇంకోటి పెట్టు" అంటూ ఇంట్లో ఉన్నవన్నీ పెట్టించుకుంది. ముందు వరుసలో కూర్చోలేదు, తలుపు దగ్గర చివర కూర్చుంది. అవ్వ జరిగి చాప మీద చోటిచ్చింది. పిలిచినప్పుడు వదిన లేచి నడిచింది. పైట కొసను గుప్పెట్లో పట్టుకుని, అంత దూరమూ నేల చూస్తూ నడిచింది. రొట్టె అందుకుంది.

అంతా కుదుటపడిందని రాస్తే అబద్ధం. తిరిగి వస్తుంటే దారిలో ఇద్దరు ఫోను వైపూ ఆమె వైపూ మార్చి మార్చి చూశారు. నా మోచెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది. షెడ్డుకు ఇప్పటికీ వెళ్ళడంలేదు. ఆ వీడియో ఇంకా ఉంది. తీసేయమని ఎవరిని అడగాలో మాకు తెలియలేదు.

ఇది రాస్తున్నానని చెప్పి, నీ కోసం ప్రార్థన చేయమని అందరినీ అడగనా అన్నాను. వద్దంది. "నన్ను అందరూ చూసినారు. ఆ యమ్మని ఎవురూ చూళ్ళేదు. ఆమె కోసం అడుగు."

అందుకే అడుగుతున్నాను. ఆమె మన గుడికి వచ్చే మనిషి కాదు. గంగమ్మకు మొక్కుకునే మనిషి. ఇది చదివినవారు, మీరు ఎవరికి మొక్కినా సరే, ఆ పూట చేపలన్నీ ఇసుకలో పోసి నీలం పట్టతో నీళ్ళలోకి పరిగెత్తిన ఆమెను ఒక్కసారి తలుచుకోండి.