చీటీలక్క ఫోను సంచి

వీధిలో అందరూ ఆమెను చీటీలక్క అంటారు. కుట్టుపనిలో ఆమెది ఒకటే పట్టుదల, కొట్లోకి వచ్చిన ప్రతి గుడ్డకూ చీటీ ఉండాలి. ఎవరిది, ఎంత వదులు, ఎప్పటికి కావాలి, అన్నీ రాసి గుండుసూదితో గుచ్చేది. ముప్పయ్యేళ్లలో ఒకరి బట్ట ఇంకొకరి చేతికి వెళ్లిన దాఖలా లేదు. ఆ గొప్ప చెప్పుకోవడానికి ఆమెకు సందు దొరికితే చాలు.

ఫోను కొన్నాక ఇంకో అలవాటైంది. సగం కుట్టిన గౌను తొడుక్కున్న మనిషికి తన వీపు కనపడదు కదా. తెర వెనక నిలబెట్టి, ఫోటో తీసి, వాళ్లకే చూపించేది. కుట్లు పడని భుజాలు, బయటపడ్డ నడుములు. మళ్లీ కుట్టేటప్పుడు పనికొస్తాయని వాటిని చెరిపేది కాదు.

"అత్తయ్యా, దీనికి తాళం ఉండాల్సిందే," అని కోడలు ఆరంకెల నంబరు పెట్టింది. సూదిపోట్లతో అరిగిన వేళ్లకు వేలిముద్ర పడలేదు మరి. చీటీలక్క అంతటితో ఊరుకుంటుందా! మందపాటి గుడ్డతో ఫోనుకు సంచి కుట్టింది. రెండు హుక్కులు వేసింది, నడుముకు కట్టుకోవడానికి నాడా పెట్టింది. చెయ్యి ఊరుకోక, ఆ నంబరు కూడా చీటీ మీద రాసి సంచి లోపల గుచ్చింది.

మంగళవారం కిక్కిరిసిన బస్సులో ఎవడో నాడా కోసేశాడు. ఫోను సంచితో సహా పోయింది.

దూరం నుంచే అన్నీ చెరిపేయొచ్చని కోడలు తన ఫోనులో గబగబా నొక్కింది. అత్తయ్య అకౌంటు పాస్‌వర్డు తప్పని వచ్చింది. అప్పటికే ఎవరో మార్చేశారు.

"లోపలికెలా వెళ్లారత్తయ్యా? నంబరు మనిద్దరికేగా తెలుసు?"

చీటీలక్క నడుముకు మిగిలిన నాడా ముక్క విప్పింది. "చీటీ పెట్టానమ్మా," అంది.

సిమ్ము ఆపించారు, పోలీసులకు ఫిర్యాదు రాసిచ్చారు. ఫోటోలు ఏమయ్యాయో ఎవరూ చెప్పలేకపోయారు. ఇరవైమూడు మంది ఆడవాళ్లు ఆమెను నమ్మి ఆ తెర వెనక నిలబడ్డారు.

"మనం చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది?" అంది కోడలు మెల్లగా.

"రేపు వాడు బయటపెడితే? ముందు నా నోటే వినాలి వాళ్లు."

ఇల్లిల్లూ తిరిగింది. కొందరు తిట్టారు. ఒకామె ఏడ్చింది. ఇరవయ్యేళ్లుగా కుట్టించుకుంటున్న టీచరమ్మ మాత్రం అంతా విని తలుపేసుకుంది.

మర్నాడు పొద్దున్నే టీచరమ్మ కొట్టుకొచ్చి, ఇంకా కత్తెర పడని తన గుడ్డ వెనక్కి తీసుకుంది. దానికున్న గుండుసూది తనే ఊడదీసింది.

"మీ పుస్తకంలో నా కొలతల పేజీ కూడా చింపి ఇవ్వండి," అంది.

చీటీలక్క చింపి ఇచ్చింది. ఆ కొలతలన్నీ తనకు కంఠతా వచ్చని మాత్రం చెప్పలేకపోయింది.