వెనక సీటు చల్లబడేదాకా

నకరికల్లు నుంచి రామాయమ్మను వారానికి మూడుసార్లు డయాలసిస్ కోసం నరసరావుపేట ఆసుపత్రికి తీసుకొచ్చే పొడుగాటి డ్రైవరు సైదులు. ఆమె లోపల ఉన్న నాలుగు గంటలూ కరెంటు కారును నీడ ఎటు జరిగితే అటు జరుపుతూ ఉంటాడు. ముందు అద్దానికి వెండిరంగు అట్ట అడ్డం పెడతాడు, కిటికీలు వేలెడంత దించుతాడు. ఆమె రావడానికి పది నిమిషాల ముందే ఏసీ వేస్తాడు. ఇంజను లేని బండి గనక చప్పుడు లేకుండా చల్లబడుతుంది.

మే నెలలో ఒకరోజు ఆమెకు బీపీ పడిపోయింది. కాస్త తేరుకున్నాక గంట ముందే పంపించేశారు. ఆరోజు నీడలో చోటు దొరకక కారు ఎండలోనే ఉంది. సైదులు తలుపులన్నీ తెరిచి, ఒక తలుపును విసనకర్రలా ఊపి వేడిగాలిని బయటికి తోలాడు. తర్వాత ఏసీ వేసి, మోకాళ్లు ముడుచుకుని తనే వెనక సీట్లో కూర్చున్నాడు.

వరండాలో వీల్‌చైర్‌లో ఉన్న రామాయమ్మ నీరసంగానే కసిరింది. "ఏందిరా, నన్ను బయటుంచి నువ్వెక్కి కూర్చున్నావు?"

"సీటు కాలతంది పెద్దమ్మా. రొండు నిమిషాలాగు."

సీటు చల్లబడ్డాక దిగి, సూది గుచ్చిన చేతి మీద గాలి పడకుండా ఏసీ రెక్కలు పక్కకు తిప్పి ఆమెను ఎక్కించాడు. ఊరు దగ్గరపడేసరికి ఆమె మొహం తేటపడింది.

"అప్పుడే ఇంటికొద్దురా," అంది. "చల్లగా ఉంది. ఇంకాస్త దూరం తిప్పు."

సైదులు నవ్వి, కారును పిడుగురాళ్ల వైపు పోనిచ్చాడు.